వ్యసనానికి సైకడెలిక్ చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరు తాగుడుకో, పొగాకుకో, మత్తు మాత్రలకో బానిసైన కుటుంబాల నుంచి కొంతకాలంగా ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పుట్టగొడుగుల మందుతో తాగుడు మానేస్తారట కదా అని కొందరు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన వీడియోలో చూశామని మరికొందరు అడుగుతున్నారు. ఆ సందేహాలను వారు అడిగే మాటల్లోనే ఇక్కడ కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇది సమాచారం మాత్రమే. మందు మొదలుపెట్టడం, ఆపడం, మార్చడం చికిత్స చేస్తున్న వైద్యులతో మాట్లాడాకే జరగాలి.

## మొదట్లో వచ్చే సందేహాలు

సైకడెలిక్ చికిత్స అంటే ఏమిటి? మత్తుమందు ఇచ్చి మత్తు మాన్పించడమా?

మనసు పనిచేసే తీరును కొన్ని గంటలపాటు గాఢంగా మార్చే మందును వైద్యుల పర్యవేక్షణలో ఒకటి నుంచి మూడు సార్లు మాత్రమే ఇచ్చి, దానికి ముందూ తరవాతా వారాల తరబడి మానసిక చికిత్స చేసే పద్ధతిని ఈ పేరుతో పిలుస్తున్నారు. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, ప్రయోగశాలలో తయారుచేసే ఎల్‌ఎస్‌డీ, మధ్య ఆఫ్రికాలో పెరిగే ఇబోగా మొక్క వేరు బెరడు నుంచి తీసే ఐబోగైన్ వీటిలో ముఖ్యమైనవి. ఆపరేషన్లలో మత్తు ఇవ్వడానికి వాడే కెటామిన్ వేరే తరగతికి చెందినదైనా, వ్యసనంపై జరిగే పరిశోధనల్లో దానిని కూడా వీటితో కలిపే చర్చిస్తుంటారు. ఒక మత్తు స్థానంలో మరో మత్తును రోజూ ఇవ్వడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు. ఆ కొద్ది గంటల అనుభవాన్ని ఆధారం చేసుకొని మనిషి తన అలవాటును కొత్తగా చూసుకునేలా చేయాలన్నదే ప్రయత్నం.

తాగుడు మాన్పించబోయి ఈ మందుకే అలవాటు పడితే?

సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీల విషయంలో ఆ భయం తక్కువ. వరసగా తీసుకుంటే కొద్ది రోజుల్లోనే శరీరం వాటికి స్పందించడం తగ్గిపోతుంది. మానేసినప్పుడు వణుకు, ఫిట్స్ వంటి విత్‌డ్రాయల్ లక్షణాలు రావు. మద్యం, నికోటిన్, హెరాయిన్ పుట్టించే తరహా తపన వీటితో కనిపించదు. కెటామిన్ సంగతి వేరు. దానికి బానిసలయ్యేవారు ఉన్నారు. ఎక్కువకాలం విచ్చలవిడిగా వాడినవారిలో మూత్రాశయం తీవ్రంగా దెబ్బతింటుంది.

ఇదంతా ఈమధ్య కనిపెట్టిందేనా?

కాదు, దీనికి డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేసి, 1943లో దాని ప్రభావాన్ని గుర్తించారు. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో హంఫ్రీ ఆస్మండ్, ఏబ్రమ్ హాఫర్ అనే మానసిక వైద్యులు దానిని మద్యపాన వ్యసనానికి వాడి చూశారు. తాగుడు ఒక్కసారిగా మానినప్పుడు వచ్చే భయంకరమైన మతిభ్రమణ స్థితిని చవిచూసి కొందరు శాశ్వతంగా మానేస్తుంటారు కాబట్టి, అలాంటి భయాన్ని మందుతో పుట్టిస్తే ఎలా ఉంటుందన్నది వారి తొలి ఆలోచన. రోగులు చెప్పింది మాత్రం అందుకు భిన్నంగా ఉంది. తమ జీవితాన్ని తాము స్పష్టంగా చూడగలిగామని, ఆ చూపు వల్లే మారాలనిపించిందని చాలామంది అన్నారు. చికిత్స స్వరూపం అక్కడి నుంచే మారింది.

ఆ తరవాత వైద్యం బయట వాడకం పెరిగింది, రాజకీయ వ్యతిరేకత వచ్చింది, 1970లో అమెరికా చట్టం, 1971లో ఐక్యరాజ్య సమితి ఒడంబడిక ఈ మందులను కఠిన నియంత్రణలోకి తెచ్చాయి. దాదాపు మూడు దశాబ్దాలపాటు పరిశోధన నిలిచిపోయింది. నాటి ప్రయోగాల్లో పద్ధతి ప్రకారం జరిగిన ఆరింటిని, మొత్తం 536 మంది వివరాలతో, 2012లో నార్వే పరిశోధకులు కలిపి చూశారు. ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవారిలో 59 శాతం మందికి, తీసుకోనివారిలో 38 శాతం మందికి తాగుడు విషయంలో మెరుగు కనిపించింది. మూలన పడి ఉన్న కాగితాల్లో ఇంత విషయం ఉండిపోవడం విచారకరం.

మెదడులో ఇది అసలు ఏం చేస్తుంది?

సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ ప్రధానంగా సెరటోనిన్ అనే రసాయనానికి స్పందించే 5-హెచ్‌టీ2ఏ గ్రాహకాల మీద పనిచేస్తాయి. మనిషి తన గురించి తాను ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల మధ్య మామూలు సమన్వయం ఆ కొద్ది గంటలు సడలుతుందని స్కానింగుల్లో కనిపించింది. నాడీకణాల శాఖలు, వాటి మధ్య సంధులు పెరుగుతాయని జంతువులపై, ప్రయోగశాల కణాలపై చేసిన అధ్యయనాలు చూపాయి. దీర్ఘకాల వ్యసనంలో మనసు ఒకే గాడిలో తిరుగుతుంటుంది, సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు వాటంతటవే దుకాణం వైపు నడుస్తాయి. ఆ గాడి కొంతకాలం మెత్తబడి, కొత్త అలవాటు నాటుకోవడానికి వీలు చిక్కుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. జంతువుల్లో చూసినది మనుషుల్లో అలాగే జరుగుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు.

## పరిశోధనలు ఏం చెబుతున్నాయి

తాగుడు మానడానికి ఇది పనిచేస్తుందని రుజువుందా?

ఇప్పటివరకు బలమైన ఆధారం 2022లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మైకేల్ బోగెన్‌షుట్జ్ నాయకత్వంలో జరిగిన ఆ అధ్యయనంలో మద్యపాన వ్యసనం ఉన్న 95 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు సైలోసైబిన్, రెండో జట్టుకు అలర్జీలకు వాడే డైఫెన్‌హైడ్రమిన్ ఇచ్చారు. రెండు జట్లకూ 12 వారాల మానసిక చికిత్స ఒకేలా అందింది. మందు రోజులు రెండే, నాలుగో వారం తరవాత ఒకటి, ఎనిమిదో వారం తరవాత ఒకటి.

మొదటి మోతాదు తరవాతి 32 వారాల్లో ఎక్కువగా తాగిన రోజుల శాతాన్ని కొలిచారు. మగవారు ఐదు, ఆడవారు నాలుగు అమెరికన్ ప్రమాణ పానీయాలు గాని, అంతకు మించి గాని తాగితే అది ఎక్కువగా తాగిన రోజు. మన లెక్కలో చెప్పాలంటే, మగవారికి విస్కీ క్వార్టర్ సీసా కంటే కొంచెం ఎక్కువ. చికిత్సకు ముందు వీరు సుమారు సగం రోజులు ఆ స్థాయిలో తాగేవారు. సైలోసైబిన్ జట్టులో అలాంటి రోజులు 9.7 శాతానికి, రెండో జట్టులో 23.6 శాతానికి తగ్గాయి, అంటే నెలకు మూడు రోజులు ఒకవైపు, ఏడు రోజులు మరోవైపు. ఈ ఫలితంలో మరో విషయం మీద కూడా దృష్టి పెట్టాలి. మందు ఇంకా ఇవ్వని తొలి నాలుగు వారాల్లోనే, మాట్లాడే చికిత్సతోనే, రెండు జట్లలోనూ తాగుడు బాగా తగ్గింది. వార్తల్లో ఈ సంగతి దాదాపు ఎక్కడా కనిపించదు. కుటుంబాలకు మాత్రం ఇదే ఎక్కువ ఉపయోగపడే సంగతి, ఎందుకంటే ఆ నాలుగు వారాల్లో జరిగిన పనిని ఇక్కడ మన ఊళ్లలో ఇవాళ కూడా మొదలుపెట్టవచ్చు.

ఆ ఫలితాలను పూర్తిగా నమ్మవచ్చా?

జాగ్రత్తగా నమ్మాలి. మామూలు మందుల పరీక్షలో ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మందు ఇచ్చారో రోగికి తెలియకూడదు. సైకడెలిక్ విషయంలో అది దాచడం దాదాపు అసాధ్యం. న్యూయార్క్ అధ్యయనంలో 90 శాతానికి పైగా రోగులు తమకు ఏ మందు ఇచ్చారో సరిగ్గా ఊహించారు. అసలు మందు అందిందన్న ఆశ, అందలేదన్న నిరాశ రెండూ తాగుడు మీద ప్రభావం చూపగలవు. స్విట్జర్లాండ్‌లో 37 మందితో, ఒకే ఒక్క మోతాదుతో, తక్కువ సెషన్ల మానసిక చికిత్సతో జరిగిన అధ్యయనంలో సైలోసైబిన్‌కూ ఉత్తుత్తి మందుకూ మధ్య తాగుడు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వందల మందితో జరిగే పెద్ద పరీక్షలు పూర్తయ్యేదాకా ఇది ఆశ కలిగించే పరిశోధన అనవచ్చు గాని, రుజువైన చికిత్స అనకూడదు.

సిగరెట్లు మానడానికి కూడా పనిచేస్తుందా?

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ జాన్సన్ బృందం చేసిన చిన్న అధ్యయనం 2014లో వెలువడింది. అందులో పాల్గొన్న 15 మంది సగటున 31 ఏళ్లుగా, రోజుకు 19 సిగరెట్ల చొప్పున కాల్చినవారు. మానడానికి అంతకుముందు ఎన్నోసార్లు ప్రయత్నించి ఓడినవారు. రెండు మూడు సైలోసైబిన్ సెషన్లు, 15 వారాల మానసిక చికిత్స తరవాత, ఆరు నెలలకు 12 మంది పొగ మానేసి ఉన్నారు. వారి మాట మీదే ఆధారపడకుండా శ్వాస, మూత్ర పరీక్షలతో నిర్ధారించారు. సగటున రెండున్నరేళ్ల తరవాత చూసినప్పుడు కూడా దాదాపు 60 శాతం మంది మానే ఉన్నారు. ఇది చాలా మంచి ఫలితమే. కానీ పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు, చేరినవారంతా మానాలన్న పట్టుదలతో వచ్చినవారు. ఈ ఫలితం చూసే 2021లో అమెరికా ప్రభుత్వం పెద్ద అధ్యయనానికి నిధులిచ్చింది. సైకడెలిక్ చికిత్సకు ఆ దేశ కేంద్ర ప్రభుత్వ నిధులు రావడం యాభై ఏళ్లలో అదే మొదటిసారి.

ఐబోగైన్ ఒక్క డోసుతో హెరాయిన్ మానేస్తారంటారు, నిజమేనా?

ఈ కథకు మూలం 1962లో ఉంది. న్యూయార్క్‌లో హెరాయిన్‌కు బానిసైన హోవర్డ్ లాట్సాఫ్ అనే యువకుడు కుతూహలంతో ఐబోగైన్ తీసుకున్నాడు. దాని ప్రభావం దిగిపోయాక చూసుకుంటే హెరాయిన్ కోసం ఒళ్లు నొప్పులు, వణుకు, తపన ఏవీ లేవు. ఆయన ఆ తరవాతి జీవితమంతా దీన్ని ప్రచారం చేయడానికే వెచ్చించాడు. గాబన్‌లోని బ్విటి సంప్రదాయంలో ఇబోగా వేరు దీక్షా క్రతువుల్లో తరతరాలుగా ఉంది. విత్‌డ్రాయల్ లక్షణాలను ఇది తగ్గిస్తుందని రోగులపై చేసిన పలు పరిశీలనల్లో కనిపించింది కూడా.

ప్రమాదం మాత్రం చాలా పెద్దది. ఐబోగైన్ గుండె విద్యుత్ లయను దెబ్బతీస్తుంది. ఈసీజీలో క్యూటీ వ్యవధిగా కొలిచే భాగం సాగిపోయి, గుండె ప్రాణాంతకంగా లయ తప్పవచ్చు. 1990 నుంచి 2008 వరకు ఐబోగైన్ తీసుకున్న కొద్ది రోజుల్లో సంభవించిన 19 మరణాలను ఒక వైద్య అధ్యయనం పరిశీలించింది. చాలామందికి ముందునుంచే గుండె జబ్బో, శరీరంలో ఇతర మత్తు పదార్థాలో ఉన్నాయి. మరొక ముప్పు కూడా ఉంది. ఐబోగైన్ తరవాత హెరాయిన్ వంటి ఓపియాయిడ్లను శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే తీసుకున్న మనిషి ఊపిరి ఆగి చనిపోవచ్చు. గుండె పర్యవేక్షణ లేని చోట ఐబోగైన్ తీసుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

కెటామిన్ మన ఆసుపత్రుల్లో ఉంటుంది కదా, దానితో తాగుడు మాన్పించవచ్చా?

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎవ్గెనీ క్రుపిట్‌స్కీ 1980ల నుంచి మద్యం, హెరాయిన్ వ్యసనాలకు కెటామిన్‌తో కూడిన మానసిక చికిత్సను అధ్యయనం చేశారు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం బృందం 96 మందిపై చేసిన పరీక్ష 2022లో వెలువడింది. వారానికొకటి చొప్పున మూడుసార్లు నరం ద్వారా కెటామిన్ ఎక్కించుకున్నవారికి, ఆరు నెలల కాలంలో తాగని రోజుల శాతం ఉత్తుత్తి మందు జట్టుకంటే సుమారు 10 పాయింట్లు ఎక్కువగా ఉంది. అయితే మళ్లీ తాగుడు మొదలుపెట్టినవారి సంఖ్యలో స్పష్టమైన తేడా తేలలేదు. కెటామిన్‌కు దుర్వినియోగ ప్రమాదం ఉన్నందువల్ల, వ్యసన చరిత్ర ఉన్న రోగికి దానిని ఇవ్వడం అనుభవజ్ఞుడైన మానసిక వైద్యుడు, అనస్థీషియా సదుపాయం ఉన్న చోట తీసుకోవాల్సిన నిర్ణయం.

కల్లుకు, నిద్రమాత్రలకు అలవాటు పడినవారికి ఇది పనికొస్తుందా?

అందుకు ఆధారం లేదు. తెలంగాణలో కల్తీ కల్లు అంటే చాలాచోట్ల ఆల్‌ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ద్రవం. తాగేవారు తమకు అలవాటైంది కల్లు అనుకుంటారు గాని, శరీరం అలవాటు పడింది ఆ మందులకు. కల్లు దుకాణాలు మూతపడినప్పుడల్లా ఎర్రగడ్డ ఆసుపత్రికి ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో, నిద్రలేక కేకలు వేస్తూ వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇదే. ఈ స్థితిలో ఉన్నవారికి అదే తరగతికి చెందిన మందును లెక్కగా ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ రావడమే చికిత్స.

## చికిత్స ఎలా జరుగుతుంది

మందు ఇచ్చే రోజు గదిలో ఏం జరుగుతుంది?

పరిశోధన కేంద్రాల్లో ఆ గది ఆసుపత్రి వార్డులా కాక ఇంటి హాలులా ఉంటుంది. సోఫా, దుప్పటి, మెత్తని వెలుతురు ఉంటాయి. రోగి ఉదయాన్నే తేలికపాటి ఆహారం తీసుకొని వస్తారు. రక్తపోటు, నాడి చూశాక క్యాప్సూల్ ఇస్తారు. అరగంట నుంచి గంటలోపు ప్రభావం మొదలవుతుంది. రోగి కళ్లకు గంతలాంటి పట్టీ కట్టుకొని, హెడ్‌ఫోన్లలో ముందే ఎంచిన సంగీతం వింటూ పడుకుంటారు. ఇద్దరు చికిత్సకులు సుమారు ఆరు గంటలు, ప్రభావం పూర్తిగా దిగేదాకా, పక్కనే ఉంటారు. వారు ఉపన్యాసాలివ్వరు, తాగొద్దని చెవిలో చెప్పరు. రోగి చేయి చాస్తే ముందుగా అనుకున్న మేరకు చేయి పట్టుకుంటారు, మాట్లాడాలనుకుంటే వింటారు. మధ్యమధ్యలో రక్తపోటు చూస్తారు. సాయంత్రం రోగిని సొంతంగా బండి నడపనివ్వరు. ఇంటివారో స్నేహితులో వచ్చి తీసుకెళ్లాలి. మర్నాడు మళ్లీ కూర్చొని ఏం అనిపించింది, ఏం గుర్తొచ్చింది, రేపటి నుంచి దాన్ని జీవితంలో ఎలా నిలుపుకోవాలి అన్నవి మాట్లాడతారు.

భయంకరమైన అనుభవం ఎదురైతే?

ఎదురుకావచ్చు. చనిపోతున్నానన్న భయం, పట్టు తప్పుతోందన్న ఆందోళన, పాత దుఃఖాలు ఒక్కసారిగా పొంగుకురావడం పరిశోధన కేంద్రాల్లోనూ జరుగుతుంటాయి. ముందస్తు సెషన్లలో దీనికి రోగిని సిద్ధం చేస్తారు, పక్కన ఉన్నవారు స్థిమితపరుస్తారు, అవసరమైతే మందుతో శాంతపరుస్తారు. కష్టంగా గడిచిన ఆ గంటలే తమకు ఎక్కువ మేలు చేశాయని తరవాత చెప్పినవారూ ఉన్నారు. తోడు లేని చోట ఇదే అనుభవం మేడ మీది నుంచి దూకడానికో, రోడ్డు మీదికి పరుగెత్తడానికో దారితీయవచ్చు.

మందు చాలు, కౌన్సెలింగ్ ఎందుకు?

వ్యసనంపై ఇంతవరకు మంచి ఫలితం చూపిన ప్రతి ముఖ్యమైన సైలోసైబిన్ అధ్యయనంలోనూ మానసిక చికిత్స ఉంది. మందు ప్రభావం ఆరు గంటల్లో దిగిపోతుంది. జీతం వచ్చిన రోజు ఏ దారిన ఇంటికి రావాలో, బావమరిది పెళ్లిలో గ్లాసు చేతికిస్తే ఏమనాలో, అప్పులవాళ్లు తలుపు తట్టిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో అనుకునేది కౌన్సెలింగ్‌లోనే. ఈ పేజీ రాస్తున్నవారి అభిప్రాయం అడిగితే, ఈ మొత్తం చికిత్సలో అసలు బరువు మోసేది ఆ పనే. మందు దానిని సులభం చేస్తుందా, ఎంతమేరకు చేస్తుంది అన్నదే ఇప్పుడు తేలవలసి ఉంది.

మళ్లీ తాగితే చికిత్స విఫలమైనట్టేనా?

కాదు. సైలోసైబిన్ తీసుకున్నవారిలోనూ చాలామంది తరవాత కొన్ని రోజులు తాగారు. వ్యసనం మధుమేహం, రక్తపోటు లాగే తిరగబెట్టే స్వభావం ఉన్న జబ్బు. తిరగబెట్టినప్పుడు చికిత్సను సరిచేసుకోవాలి, మనిషిని వదిలేయకూడదు.

## ప్రమాదాలు, జాగ్రత్తలు

ఎవరు అసలు తీసుకోకూడదు?

స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉన్నవారిని, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఆ జబ్బులు ఉన్నవారిని పరీక్షల్లో చేర్చుకోరు, ఎందుకంటే నిద్రాణంగా ఉన్న మతిభ్రమణం బయటపడే ప్రమాదం ఉంది. అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, గతంలో ఫిట్స్, గర్భం, పిల్లలకు పాలివ్వడం కూడా అడ్డంకులే. మన కుటుంబాల్లో ఒక చిక్కుంది. పెదనాన్నకో మేనత్తకో ఉన్న మానసిక జబ్బును పెళ్లి సంబంధాల భయంతో గాలి సోకిందనో, చేతబడి అనో చెప్పి దాచేస్తారు. వైద్యుడు కుటుంబ చరిత్ర అడిగినప్పుడు ఆ సంగతులు తప్పకుండా చెప్పాలి.

ఇప్పటికే డిప్రెషన్ మందులు వాడుతున్నాం, కలిస్తే ఏమవుతుంది?

మందును బట్టి మారుతుంది. ఎస్సెటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి సైలోసైబిన్ ప్రభావాన్ని తగ్గించవచ్చు. లిథియంతో సైకడెలిక్‌లు కలిసినప్పుడు ఫిట్స్ వచ్చిన ఉదంతాలు ఎక్కువగా నమోదయ్యాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆయావాస్కా కషాయంలో ఉండే పదార్థాలు డిప్రెషన్ మందులతో కలిస్తే సెరటోనిన్ ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. ఈ కారణంతో వాడుతున్న మందును సొంతంగా ఆపేయడం కూడా అంతే ప్రమాదం. డిప్రెషన్ తిరగబెట్టి, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు.

ఆన్‌లైన్‌లో పుట్టగొడుగుల చాక్లెట్లు దొరుకుతున్నాయి, కొంచెం కొంచెం తీసుకుంటే తప్పేమిటి?

వాటిలో ఏముందో, ఎంత ఉందో అమ్మేవారికే తెలియదు. అడవిలో కోసిన పుట్టగొడుగుల్లో కాలేయాన్ని పూర్తిగా పాడుచేసే విషజాతులు కలిసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అతి తక్కువ మోతాదులో తరచుగా తీసుకుంటే వ్యసనం తగ్గుతుందని నియంత్రిత పరీక్షలేవీ రుజువు చేయలేదు. వ్యసన పరిశోధనల్లో మంచి ఫలితాలు వచ్చింది పెద్ద మోతాదును, ఒకటి నుంచి మూడు సార్లు, తోడు ఉండగా ఇచ్చినప్పుడు. చాక్లెట్ తిని తాగుడు మానాలనుకోవడానికీ ఆ పరిశోధనకూ సంబంధం లేదు.

## చట్టం, అందుబాటు

మన దేశంలో ఈ చికిత్స దొరుకుతుందా?

సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ, ఎక్స్‌టసీ అని కూడా పిలిచే ఎండీఎంఏ మూడూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, కింద నియంత్రిత పదార్థాలు. వ్యసనానికి చికిత్సగా వీటిని రాసిచ్చే అనుమతి మన దేశంలో ఏ వైద్యుడికీ లేదు. ఎవరైనా ఇస్తామంటే వారు చట్టం బయట ఉన్నట్టే. ఎల్‌ఎస్‌డీ విషయంలో 0.1 గ్రాము దాటితే చాలు వాణిజ్య పరిమాణం కింద లెక్క, దానికి కనీస శిక్ష పదేళ్ల జైలు. కెటామిన్‌ను కూడా 2011లో ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు. ఆసుపత్రుల్లో వైద్య అవసరాలకు మాత్రం వాడుకోవచ్చు.

ఏ దేశాల్లోనైనా చట్టబద్ధమా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు తీసుకోవచ్చా?

ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి, ప్రత్యేక అనుమతి పొందిన మానసిక వైద్యులు మందులకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్‌ను, తీవ్ర మానసిక గాయాల తరవాతి ఒత్తిడి జబ్బుకు ఎండీఎంఏను రాయవచ్చు. వ్యసనం ఆ జాబితాలో లేదు. అమెరికాలో ఆరెగన్, కొలరాడో రాష్ట్రాలు పర్యవేక్షణలో సైలోసైబిన్ సేవలను అనుమతించాయి. కానీ కేంద్ర చట్టం ప్రకారం అది అక్కడ నేటికీ నిషిద్ధమే. వలస విషయాల్లో వర్తించేది కేంద్ర చట్టం కాబట్టి, విద్యార్థి వీసా, హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు రాష్ట్రం అనుమతించింది కదా అని ముందుకు వెళితే వీసాకే ముప్పు రావచ్చు. వలస వ్యవహారాల న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకూడదు. అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలో చేరడం వేరే విషయం, ఆ మార్గం గురించి వైద్యుడిని అడగవచ్చు.

మా అబ్బాయి మత్తుమందులు వాడుతున్నాడు. ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసు అవుతుందేమో?

ఆ భయంతో చికిత్స ఆలస్యం చేయవద్దు. మానసిక ఆరోగ్య చట్టం, 2017 రోగి వివరాల గోప్యతకు హక్కు ఇస్తోంది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, వాడకానికి గాని తక్కువ పరిమాణానికి గాని సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు.

## ఇప్పుడు, ఇంట్లో

ఈ మందు వచ్చేదాకా ఆగడమే మంచిదా?

ఆగవద్దు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం వల్ల సమస్యలో పడి సహాయం అవసరమైనవారు 5.7 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికులకు ఇప్పటికే ఉన్న మందులే అందడం లేదు. తాగాలన్న తపనను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, కొందరిలో బాక్లోఫెన్ వాడతారు. హెరాయిన్, నల్లమందు వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ ప్రాణాలు నిలబెడతాయని దశాబ్దాల ఆధారం ఉంది. పొగాకుకు నికోటిన్ గమ్, వారెనిక్లిన్ ఉన్నాయి. వీటి గురించి వీడియోలు రావు, అయినా ఇవి పనిచేస్తాయి.

రేపటి నుంచే తాగుడు బందు అంటున్నాడు, ఒక్కసారిగా ఆపవచ్చా?

రోజూ ఎక్కువగా తాగేవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, లేని మనుషులతో మాట్లాడటం వంటివి కనిపిస్తే అది ప్రాణాపాయ స్థితి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోరాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులతో, థయమిన్ అనే బీ1 విటమిన్‌తో ఈ దశను సురక్షితంగా దాటించవచ్చు.

ఆయనకు తెలియకుండా అన్నంలో, మజ్జిగలో మందు కలిపి ఇవ్వవచ్చా?

వద్దు. విసిగి వేసారిన ఇల్లాళ్లు, తల్లులు అడిగే ప్రశ్న ఇది, వారి బాధ అర్థం చేసుకోదగినదే. కానీ అలా కలిపే మందు చాలాసార్లు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ పుట్టి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తాను ఏ మందు మీద ఉన్నాడో తెలిసి, ఒప్పుకున్నవారికే అది ఇవ్వాలి. సైకడెలిక్‌ను తెలియకుండా ఇస్తే మరీ ప్రమాదం. ఎందుకు లోకం మారిపోయిందో తెలియని మనిషి భయంతో తనకైనా, ఇంట్లోవారికైనా హాని చేయవచ్చు, ఇచ్చినవారు నేరస్థులవుతారు.

ముందుగా ఎక్కడికి వెళ్లాలి?

ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మత్తు వ్యసనాల జాతీయ హెల్ప్‌లైన్ 14446. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు వ్యసనాలకు చికిత్స చేస్తాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చేటట్టయితే దానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ ఉందో లేదో, మానసిక వైద్యుడు రోజూ వస్తున్నాడో లేదో అడగాలి. రోగిని కలవనివ్వబోమంటే, గొలుసులతో కట్టి ఉంచుతున్నట్టు తెలిస్తే, అక్కడ చేర్చకూడదు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, పాత ఈసీజీ, రక్తపరీక్షల కాగితాలు, రోజుకు ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో రాసిన చిన్న కాగితం వెంట తీసుకెళితే మొదటి రోజే సరైన మోతాదు నిర్ణయించడం వైద్యుడికి సులువవుతుంది.